నేల అప్పు

మా గుడి వెనుక గదిలో బుధవారాల సాయంకాలం తెలుగు తరగతి జరుగుతుంది. నేను నా తెలుగును అక్కడే, నలభై ఏళ్లు దాటిన తరువాత, పిల్లల నడుమ కూర్చుండి నేర్చుకొన్నాను. తప్పులుంటే పాఠకులు మన్నించవలెను. ఆ తరగతిలో ఒకనాడు ‘మైల’ అన్న మాట వచ్చినది. ఇంట పురుడు వచ్చినా, ఎవరైనా పోయినా మైల ఉంటుందనీ, దానికి ఇన్ని దినాలని గడువు ఉంటుందనీ, గడువు తీరి స్నానం చేస్తే పోతుందనీ గురువుగారు చెప్పినారు. గడువు లేని మైల కూడ ఉంటుందా అని అడగవలసినదని ఇంటికి వచ్చిన తరువాత నాకు తోచినది. ఏలయనగా ఆ వారమే నా మేనకోడలు తాను కొనదలచిన ఇంటి స్థలం చూపుటకు నన్ను తీసికొని పోయినది.

స్థలం ఈపో నగరపు అంచున ఉన్నది. నేను దానిని ఎరుగుదును. పూర్వం అక్కడ తగరపు గనుల యంత్రాలను బాగుచేయు కర్మాగారం ఒకటి ఉండేది. 1985లో తగరపు ధర కూలిపోయి కింతా లోయలో గనులు వరుసగా మూతపడినప్పుడు అదియు మూతపడినది. అప్పుడు నేను కొత్తగా ఉపాధ్యాయుడనై ఆ దారిననే బడికి పోయేవాడను. యంత్రాల జిడ్డు కడిగిన ద్రవాన్ని పీపాలతో తెచ్చి, ప్రహరీ వెనుక గుంటలో కుమ్మరించుట పలుమార్లు చూచినాను. తియ్యని వాసన వచ్చేది. ఎవరితోను అనలేదు. అనవలెనని కూడ తోచలేదు.

“మామయ్యా, గాలీ వెలుతురూ బాగున్నాయి కదా?” అన్నది మేనకోడలు. బాగున్నాయి అన్నాను.

ఆమె ఇచ్చిన నివేదికను ఆ రాత్రి చదివినాను. ఇటువంటి నేలను పరీక్షించుటకు ఒక పద్ధతి ఉన్నది. మొదట పారలు, గొట్టాలు తేరు. పాత పటాలు, పత్రాలు, ఆకాశం నుండి తీసిన ఛాయాచిత్రాలు చూస్తారు. అక్కడ పనిచేసినవారిని, ఇరుగుపొరుగు వృద్ధులను అడుగుతారు. దానిని బట్టి ఎక్కడ తవ్వవలెనో నిర్ణయించి, మట్టిని, నీటిని తీసి పరీక్షకు పంపుతారు. పిదప మూడు ప్రశ్నలు వేస్తారు: విషం ఎక్కడ ఉన్నది, ఏ దారిన కదులుతుంది, ఎవరిని చేరుతుంది? మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా అపాయం లేదంటారు. అందుకే కర్మాగారానికి చాలునన్న నేల, ఇంటికి చాలదు. ఇంటి పెరటిలో మట్టి చేతిని నోటిలో పెట్టుకొను పసిబిడ్డ ఉంటుంది. ఇది న్యాయమైన లెక్కయే.

కాని ఆ లెక్క అంతయు మొదటి మెట్టుపై ఆధారపడి ఉన్నది. నివేదికలో ఆ స్థలపు పూర్వవృత్తాంతం ఒకే మాట: “సామాను నిల్వ.” కనుక గొట్టాలు గుంట ఉన్న వైపు దిగలేదు. జిడ్డు కడుగుటకు ఆ రోజులలో విరివిగా వాడిన ట్రైక్లోరోఎథిలీన్ వంటి ద్రవాలు నీటికంటె బరువైనవి. తేలవు, క్రిందికి దిగుతాయి. మా లోయలో ఇసుక క్రింద పగుళ్లు, గుహలు గల సున్నపురాయి ఉన్నది. దిగినది ఎటు పోయినదో పైనుండి చెప్పజాలరు. కొన్ని ఏండ్ల తరువాత ఆవిరియై ఇంటి నేలగుండా లోపలికి రావచ్చును. నివేదిక అబద్ధం చెప్పలేదు. దానికి ఎవరూ చెప్పలేదు.

చెప్పినంత మాత్రాన బాధ్యత తీరునా అన్నది వేరొక ప్రశ్న. అమెరికాలోని నయాగరా ఫాల్స్ అను చిన్న నగరంలో ఒక రసాయనాల సంస్థ 1942 నుండి 1953 వరకు పాత కాలువ గోతిలో సుమారు 21,000 టన్నుల వ్యర్థాలు పూడ్చి, ఆ నేలను ఒక్క డాలరుకు బడుల పాలకమండలికి ఇచ్చినది. రసాయనాలున్నవనీ, ఇకపై తమకు పూచీ లేదనీ దస్తావేజులో వ్రాసియే ఇచ్చినది. అక్కడ బడి లేచినది, చుట్టూ ఇండ్లు లేచినవి. 1978లో అధ్యక్షుడు కార్టర్ అత్యవసర స్థితి ప్రకటించి కుటుంబాలను తరలింపవలసి వచ్చినది. లవ్ కెనాల్ అను ఆ పేరు చదివినప్పుడెల్లను, దస్తావేజులోని ఆ వాక్యం కంటె బడి గదులే నాకు కనబడుతాయి. ఉపాధ్యాయుని రోగం కాబోలు.

మా ముత్తాత క్రియాన్ చెరకు తోటకు ఒప్పందంపై వచ్చినారు. ఆయనకును చెప్పినారు, కాగితం చదివి వినిపించినారట, ఆయన వేలిముద్ర వేసినారు. గ్రహింపజాలని వానికి చెప్పి, “చెప్పితిమి కదా” అనుట ఎంత పాత విద్యయో మా కుటుంబానికి తెలియును. ఆయన ఎరుగని అప్పు ఆయన పేర వ్రాసియుండెను. నేలకు కూడ అట్టి అప్పే ఉన్నది. చేసినవాడు పోతాడు, కొన్నవాడు చెల్లిస్తాడు. పాడు చేసినవాడే ఖర్చు భరింపవలెనని 1992లో రియో ప్రకటన చెప్పినది. మంచిదే, కాని మూతపడిన కర్మాగారాన్ని ఎక్కడ వెదకుట?

మాకు దగ్గరలోనే బుకిత్ మేరా ఉన్నది. తగరపు వ్యర్థంలోని ఖనిజాన్ని శుద్ధి చేయుటకు 1982లో ఏషియన్ రేర్ ఎర్త్ పని మొదలుపెట్టినది. దాని వ్యర్థంలో థోరియం ఉన్నది. గ్రామస్థులు 1985లో న్యాయస్థానానికి పోయినారు. 1992లో ఈపో హైకోర్టు మూసివేయుమన్నది, 1993లో పై కోర్టు ఆ తీర్పును కొట్టివేసినది, 1994లో కర్మాగారమే మూతపడినది. వ్యర్థాలను క్లెడాంగ్ కొండలలో పాతిపెట్టినారు. థోరియంలో సగం కరగుటకు సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు పట్టును. మైలకు గడువు ఎంత అంటే ఇదిగో లెక్క. ఏ కప్పు వేసినా, దాని క్రింద ఏమున్నదో గుర్తుంచుకొను మనిషి ఉన్నంత కాలమే అది కప్పు.

నేను నోరు విప్పుటకు మూడు వారాలు పట్టినది. భయం నా కొరకు కాదు. ఆ స్థలం ప్రక్కన అప్పుడే ఇండ్లు కట్టుకొన్న పదునాలుగు కుటుంబాలు ఉన్నవి. బ్యాంకు అప్పు తీరనివారు, నా వద్ద చదువుకొన్నవారు. ఆ గుంట మాట బయటపడిన మరునాడే వారి ఇండ్ల ధర పడిపోతుంది. ఒకప్పటి శిష్యుడు ఇంటికి వచ్చి, “సార్, ఇన్నాళ్లూ ఊరకున్నారు, ఇప్పుడేల?” అన్నాడు. అతని మాటలో న్యాయం ఉన్నది. తెలిసినవాడు చెప్పకపోవుట తప్పు. ఆలస్యంగా చెప్పుట వలన వారికి కలుగు నష్టం కూడ నా తప్పులో భాగమే. కాని విషం ధరను చూచి నిలువదు. అతని పిల్లలు ఆ నేలగుండా వచ్చు గాలినే పీల్చవలెను. పితృఋణం సంతానం ద్వారా తీరునని పెద్దలు చెప్పినారు. అనగా వెనుకవారికి ఉన్న అప్పును ముందువారికి చెల్లించుట. దానిని ఇన్నాళ్లూ కేవలం పెండ్లి మాటగా విన్నాను.

పరీక్షలు చేయువారికి ఉత్తరం వ్రాసినాను. అతనికి మొదట చదివి వినిపించి, పిదపనే పంపినాను. అతడు సంతకం చేయలేదు, వద్దని కూడ అనలేదు.

పోయిన నెల ఒక యువతి గొట్టాల బండితో వచ్చి, ఆ గుంట ఎక్కడో చూపుమన్నది. ప్రహరీ లేదు, చెట్టు లేదు, దారి తిరిగిపోయినది. బడి నుండి అడుగులు లెక్కపెట్టుకొని వచ్చి ఒక చోట నిలిచినాను. పిదప పది అడుగులు ఎడమకు జరిగినాను. ఆమె రెండు చోట్లా కొయ్యలు పాతినది.