ఓడ సామానూ, పరిగ్రహ పరిమాణమూ



నేను పండితుడను కాను. హైస్కూలు చదువుతో అంగడిలో కూర్చున్నవాడను. మూడు తరాలుగా చెన్నపట్నంలో ఇత్తడి, కంచు, స్టీలు పాత్రలు అమ్ముకొని బ్రదుకుచున్న కుటుంబం మాది. గడచిన పర్యుషణ దినాలలో ఒక సాయంకాలం స్వాధ్యాయ సభలో పెద్దలు నన్ను పిలిచి, "మన పిల్లలు ఎందరో సముద్రాలు దాటి కాపురాలు పెట్టుచున్నారు. ఇంటి సామాను ఓడకెక్కించే సంగతి నీవు దగ్గరుండి చూచినవాడవు. అందులో ధర్మమెంత, వ్యవహారమెంత, నాలుగు మాటలు చెప్పుము" అన్నారు. ఆనాడు చెప్పినదానినే కొంత సవరించి ఈ సంచికకు ఇచ్చుచున్నాను. తప్పులున్నచో మిచ్ఛామి దుక్కడం.

గృహస్థుని అయిదు అణువ్రతాలలో చివరిది పరిగ్రహ పరిమాణం. అది అన్నియు విడువుమని చెప్పదు. అన్నీ విడుచుట మునుల మహావ్రతం. గృహస్థుడు "నాకు ఇంతవరకు చాలు" నని ఒక లెక్క వ్రాసుకొని, ఆ లెక్క దాటకుండ ఉండిన చాలును. ఆ లెక్కకు పద్దులు కూడ శాస్త్రకారులే ఏర్పరచినారు: పొలము, ఇల్లు, వెండి, బంగారము, ధనధాన్యములు, దాసదాసీజనము, కడపట కుప్యము. ఈ "కుప్యము" అను మాట నాకు మొదట బోధపడలేదు. మహారాజుగారి నడుగగా, వెండి బంగారాలు పోగా ఇంటిలో మిగిలిన గిన్నెలు, బట్టలు, మంచాలు, పరుపులు, పెట్టెలు వగైరా అని సెలవిచ్చినారు. అనగా నా అంగడిలో ఉన్నదంతయు కుప్యమే! నాకు నవ్వు వచ్చినది.

మనం బంగారానికి లెక్క వ్రాసుకొందుము. పొలానికి పట్టా ఉన్నది. కుప్యానికి లెక్క వ్రాసిన ఇల్లు మాత్రం బహు అరుదు. అయితే దేశం విడిచి పోవు నాడు బంగారం మనల నేడిపించదు. అది బ్యాంకు పెట్టెలో పడును, లేకున్న ఒంటిమీద పోవును. ఏడిపించునది కుప్యమే. అటక మీది కాగును దింపునప్పుడు ఆడవారు కంట నీరు పెట్టుకొనుట నేను కన్నులార చూచినాను.

ఉపాసకదశాంగ సూత్రంలో ఆనందుడను గృహపతి కథ ఉన్నది. వాణిజ్యగ్రామంలో గొప్ప ధనవంతుడు. భగవాన్ మహావీరుని సన్నిధిలో అతడు చెప్పిన లెక్క వినదగినది. నిలువలో 4 కోట్ల బంగారం, వడ్డీ వ్యాపారంలో 4 కోట్లు, ఇంటి సంభారాలలో 4 కోట్లు. పదేసి వేల గోవుల మందలు 4. నాగళ్లు 500. దూరదేశాలకు పోవు బండ్లు 500, ఇంటి పనులకు 500. ఓడలు సైతం దూరానికి 4, దగ్గరకు 4. అటుపిమ్మట ఒళ్లు తుడుచుకొను తువాలు ఎటువంటిదో, పండ్లు తోముకొను పుల్ల ఏ చెట్టుదో అంతవరకు వచ్చినాడు. భార్య శివనంద కూడ వ్రతాలు స్వీకరించినది. ఈ కథ చెప్పినప్పుడు మా అంగడి గుమాస్తా, "అంత ఉంచుకొని ఏమి త్యాగమండీ?" అని అడిగినాడు. న్యాయమైన ప్రశ్నయే. కాని వర్తకం చేసినవానికి ఒకటి తెలియును. నాలుగు ఓడలు తిరుగుచుండగా అయిదవది చవుకగా బేరానికి వచ్చినప్పుడు "వద్దు" అనుట మొదటి ఓడను దానం చేయుట కన్న కష్టం.

ఇక మా అక్కయ్య సంగతి. ఆమెకు అరువది ఎనిమిది ఏండ్లు. బావగారు గతించినారు. ఒక్కగానొక్క కొడుకు పది ఏండ్లుగా ఆస్ట్రేలియాలో మెల్బోర్నులో ఉన్నాడు. తల్లిని శాశ్వతంగా తన దగ్గరకు తీసికొనిపోవ నిశ్చయించి, పురసవాక్కంలోని ఇల్లు అమ్మకానికి పెట్టినాడు. సామాను వ్యవహారం నా తల మీద పడినది.

సామాను పంపు కంపెనీ మనిషి టేపు పట్టుకొని వచ్చి గది గదికి కొలిచి, 14 ఘనపు మీటర్లు అని వ్రాసుకొన్నాడు. ఓడ కిరాయి ఇంటి సామానుకు తూకాన్ని బట్టి కాదు, ఆక్రమించు జాగాను బట్టి. పాత్రల వర్తకుడనై ఉండి నేను దీనిని ఆలోచింపనే లేదు. బిందె పంపిన బిందెలోని ఖాళీకి కూడ కిరాయి! ఇరువది అడుగుల కంటెయినరు లోపల సుమారు 33 ఘనపు మీటర్లు పట్టును. ఇతరులతో కలిపి పంచుకొన్న ఒక ధర, కంటెయినరు మొత్తం మనమే తీసికొన్న ఒక ధర. రెంటికీ వ్యత్యాసం నేననుకొన్నంత లేదు.

అక్కడనే నా బుద్ధి పెడదారి పట్టినది. ఖాళీ జాగా కనబడిన వర్తకునికి నిద్ర పట్టదు. "అక్కయ్యా, మొత్తం కంటెయినరే తీసికొందము. టేకు భోషాణం వేయుము, ఉయ్యాల బల్ల వేయుము, అటక మీది గంగాళాలు వేయుము" అని నేనే ఒక్కొక్కటి దింపించినాను. రెండు రోజులలో 14 కాస్త 26 అయినది. అందులో ఏ ఒక్కటి కావలెనని అంతకుముందు ఆమె అడుగలేదు, మేనల్లుడు అడుగలేదు. జాగా ఉన్నదని వస్తువు వచ్చినది. లోభమునకు ఇంతకన్న ఉదాహరణ నేను పుస్తకాలలో వెదకనక్కరలేదు.

మూడవనాడు అక్కయ్య పూజగది గూటిలోనుండి పాత నోటుపుస్తకం తెచ్చినది. చాల ఏండ్ల క్రితం ఒక చాతుర్మాసంలో సాధ్వీజీ మహారాజుగారి ఎదుట పరిగ్రహ పరిమాణం స్వీకరించి వ్రాసుకొన్నదట. నాకే తెలియదు. చీరెలు 30, పాత్రలు 60, మంచాలు 4, పెట్టెలు బీరువాలు కలిపి 3. కంపెనీ మనిషి జాబితాలో పాత్రలు 211.

"అక్కయ్యా, ఇదెట్లు?" అన్నాను.

"నావి అరువదేరా తమ్ముడూ. తక్కినవి అత్తగారివి. కొన్ని మీ బావగారివి. ఆ వరుసలోవి మనుమరాలి పెండ్లికని ఉంచినవి" అన్నది. అబద్ధం చెప్పు మనిషి కాదు. నిజంగా అట్లే నమ్మినది.

కొందరు, పరిగ్రహమనగా వస్తువు కాదు, దానిపై మమకారమని తత్త్వార్థసూత్రంలో ఉమాస్వాతి చెప్పినది చూపి, "మాకు మమకారం లేదు, ఊరకే పడియున్నవి" అందురు. పన్నెండవ శతాబ్దంలో హేమచంద్రాచార్యుడు మనవంటి వారి ఎత్తులు ఎరిగియే యోగశాస్త్రంలో ఈ వ్రతపు అతిచారాలను విడదీసి చెప్పినాడు. రెండు పొలాల నడిమి గట్టు తీసి ఒక్కటే అనుట. వ్రతకాలం ముగియువరకు బంగారం ఇతరుల దగ్గర పెట్టుట. ధాన్యం మూటగట్టించి, తరువాత తీసికొందునని చెప్పియుంచుట. పాత్రల విషయంలో చిన్నవి రెండు కలిపి పెద్దది ఒకటి చేయించి, లెక్క పెరుగలేదనుట. ఈ చివరి పని చేయించుకొన్న గిరాకీలు మా అంగడికి వచ్చియుందురా అని నాకు అనుమానం.

చిక్కు అంతటితో పోలేదు. ఆస్ట్రేలియా సుంకపు శాఖవారికి సామాను సొంతదారు ఒక ప్రకటన పత్రం నింపి ఇయ్యవలెను. పన్ను లేకుండ పోవలెనన్న, ఈ వస్తువులు నావి, విదేశంలో పన్నెండు నెలలకు తక్కువ కాకుండ నేను వాడుకొన్నవి అని ఉండవలెను. అక్కయ్య పత్రం చేతబట్టుకొని చాలసేపు ఊరకున్నది.

"నావని సంతకం చేసిన నా వ్రతం పోయినట్లే. నావి కావంటివా, నావని వ్రాసినది అసత్యమగును. వీటికి సంతకం ఎవరు పెట్టవలెరా? అత్తగారు పోయి ఇరువది ఏండ్లాయెను."

నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంకాలం 211 పాత్రలు కూడములో పరచి, ఆమె అరువది ఏరుకొన్నది. బావగారు అంగడికి తీసికొనిపోయిన టిఫిన్ క్యారియరు మొదట విడిచి, మరల తీసి, దాని బదులు ఒక కంచు చెంబు పక్కన పెట్టినది. మిగిలిన వానిని చూచి ఏడ్వలేదనను. ఏడ్చినది. అయినను లెక్క మార్చలేదు.

భోషాణం కథ వేరు. అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. ఒక్క దానికే 1.27 ఘనపు మీటర్లు. మా తండ్రిగారు ఆమె పెండ్లిలో ఇచ్చినది గనుక దాని మీద నాకే మక్కువ. మూత ఎత్తి చూచిన అడుగున సన్నని పిండి రాలియున్నది. పుప్పి పురుగు. ఆస్ట్రేలియావారు చెక్క విషయంలో బహు కఠినులు. వారి అడవులను, పంటలను కాపాడుకొనుటకు అట్లుండుట తప్పు కాదు. సామాను కట్టు చెక్కపెట్టెలకు సైతం 2002 నుండి అంతర్జాతీయ నిబంధన ఉన్నది. చెక్క నడిమి వరకు 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు పట్టించవలెను, లేకున్న మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించవలెను. ఇక పురుగు కనబడిన బీరువాకో భోషాణానికో వాయువు పట్టింతురు, కాకున్న మన ఖర్చు మీదనే త్రిప్పి పంపుదురు లేక నాశనం చేయుదురు.

"వాయువు పట్టించి పంపుదము, పెద్ద ఖర్చు కాదు" అన్నాను.

"ఆ పురుగు నా ఇంట తన తిండి తాను తిన్నది. నేను దానిని పెంచలేదు, చంపలేదు. ఇప్పుడు నా పెట్టె నాకు కావలెనని గదిలో పెట్టి చంపించుమందువా?"

"చంపించునది వారి చట్టం గదా" అన్నాను.

"ఖర్చు చీటీ ఎవరి పేర వచ్చును?"

చేయుట, చేయించుట, చేసినవానిని మెచ్చుట అని మూడు విధాలుగా మనం ప్రతిక్రమణలో పలుకుదుము. రోజూ పలికిన మాట ఒక రసీదు రూపంలో ఎదుట నిలుచునని నేననుకొనలేదు. భోషాణం అక్కడనే ఉండనిమ్మని ఇల్లు కొన్నవారు అడిగినారు. ఉండిపోయినది.

అన్నిటికన్న కష్టమైనది చివరకు మిగిలినది. ఇంటి మందిరంలో ఏడంగుళాల పంచలోహ పార్శ్వనాథ ప్రతిమ. వెనుక సంవత్ 1921 అని చెక్కియున్నది. అనగా క్రీస్తుశకం 1864-65. మన దేశపు 1972 నాటి పురావస్తువుల చట్టం 1976 నుండి అమలులో ఉన్నది. నూరేండ్లు దాటిన శిల్పాలు, ప్రతిమలు, డెబ్బదియైదు ఏండ్లు దాటిన విలువగల చేవ్రాత గ్రంథాలు గృహస్థులు దేశం దాటించరాదు. పాతవో కావో తెలియని వానికి పురావస్తు శాఖవారి ధ్రువపత్రం పొందవలెను. మన ఇండ్లలో ఇటువంటివి చాల ఉన్నవి గనుక అందరూ గమనింపవలెనని ప్రార్థించుచున్నాను. ఒక బంధువు, "చీరెల నడుమ చుట్టిపెట్టిన ఎవరు చూతురు?" అన్నాడు. రాజ్యపు కట్టుబాటును దాటి సరుకు నడుపుట మూడవ అణువ్రతానికి అతిచారమని వర్తకులమైన మనకు ఎవరును చెప్పనక్కరలేదు. భగవంతుని దొంగసరుకుగా పంపుదమా?

ప్రతిమను దేరాసరంలో ఒప్పగించినాము. అక్కడ నిత్యపూజ జరుగును. ప్రయాణానికి ముందునాడు అక్కయ్య వెళ్లి తన చేతితో చందనం, కేసరం అద్ది పూజ చేసికొని, ఖాళీ పళ్లెం పట్టుకొని ఇంటికి వచ్చినది. ఆ పళ్లెం అరువదిలో చేరియున్నది. నలువది ఆరేండ్లు ఉదయం లేవగానే చూచిన ముఖం రేపటినుండి లేదు. "మమకారం విడువవలె" నని ఆ రాత్రి ఆమెతో అనుటకు నాకు నోరాడలేదు. ఇప్పుడును ఆడదు.

తుదకు ఓడకెక్కినది రెండున్నర ఘనపు మీటర్లు. అన్నియు అట్టపెట్టెలే, చెక్క లేదు. కొలంబోలోనో సింగపూరులోనో ఓడ మారి పోవు సామాను గనుక చేరుటకు వారాలు పట్టును. కాబట్టి కటాసనం, ముహపత్తి, చరవళా, జపమాల తన చేతిసంచిలోనే పెట్టుకొన్నది. నాలుగును కలిపి నా త్రాసులో కిలోకు లోపలే తూగినవి. చరవళాకు చెక్క పిడి, ఉన్ని కుచ్చు ఉన్నవి గనుక విమానం దిగగానే పత్రంలో వ్రాసి అధికారికి చూపుమని చెప్పి పంపినాను.

మన పిల్లలు పోవునప్పుడు కూడ టేపు పట్టుకొన్న మనిషి రాకముందే లెక్క వ్రాసుకొనవలెను. వచ్చిన తరువాత లెక్క అతనిది. విద్యుత్తు ఆస్ట్రేలియాలో మనవలెనే 230 వోల్టులు గనుక గ్రైండరు పనిచేయును, ప్లగ్గు మార్చిన చాలు. అమెరికాలో 120, అక్కడికి మోయుట దండుగ. విత్తనాలు, మట్టి అంటిన వస్తువులు పెట్టరాదు. దిగ్వ్రతం పట్టినవారు టిక్కెట్టు కొనకముందే గురువుల నడుగవలెను.

అక్కయ్య విడిచిన 151 పాత్రలలో పెద్దవి సంఘం వంటశాలకు ఇచ్చినాము. కొన్ని పనివారికి, చుట్టాలకు పోయినవి. మిగిలిన పాత ఇత్తడి బజారు ధర కన్న కిలోకు పది రూపాయలు ఎక్కువ వేసి నేనే కొన్నాను. అవి ఇప్పుడు అంగడి వెనుక గదిలో ఉన్నవి. రెండు గంగాళాలు అమ్ముటకు మనసొప్పక ఇంటికి తెచ్చుకొన్నాను. మొన్న నేనును ఒక నోటుపుస్తకం కొని, మొదటి పుటలో కుప్యమని తలకట్టు వ్రాసినాను. అంగడి సరుకు ఏ పద్దులో వ్రాయవలెనో, ఆ రెండు గంగాళాలు ఇంటివో అంగడివో, ఈ చాతుర్మాసంలో మహారాజుగారిని అడుగవలసి ఉన్నది.