పట్టాల ప్రక్క బాట

మనుష్యుని నడకకు రెండు కారణములు: పని యొకటి, ప్రీతి యొకటి. పనికై నడచువానికి దారి చూపవలెనని యెల్లరును అంగీకరింతురు. ప్రీతికై నడచువానికిని చూపవలెనా? అందును రైలుబండ్లు తిరుగుచుండు పట్టాల ప్రక్కనా? ఇది పైకి ఇంజనీర్ల సమస్యవలె తోచినను, మూలమున ధర్మసమస్యయే.

సరిహద్దు జిల్లాయగు బళ్ళారిలో చోరనూరు సండూరు తాలూకాలోని గ్రామము. అదే తాలూకాలోనికి హోసపేటనుండి స్వామిహళ్ళి వరకు రైలుమార్గము కలదు. దానిపై ఇనుప ఖనిజము సాగిపోవును. కొండల నడుమ గాలికై నడువదలచినవానికి చదునైన ఆ మార్గమే కంటి కింపుగా కనబడును. కాని దానివెంట నడచినచో అతడు నేరస్థుడగును. 1989 నాటి రైల్వే చట్టము 147వ సెక్షను అందుకు ఆరునెలల వరకు ఖైదు గాని, వేయి రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధించుచున్నది.

చట్టము అన్యాయము కాదు. బరువెక్కిన గూడ్సుబండి బ్రేకు వేసినంతనే నిలువదు. 2023 జూలైలో దూధ్‌సాగర్ జలపాతమును చూడ పట్టాలవెంట నడచిన జనమును నైరుతి రైల్వే హెచ్చరింపవలసి వచ్చినది. అట్టి వినోదమునకు మూల్యము నడచువాని ప్రాణమొక్కటే కాదు, బండి నడపువాని మనశ్శాంతియు. తన సంతోషమునకై పరుని చేతిని రక్తసిక్తము చేయు హక్కు ఎవనికిని లేదు.

అయినను “పోవలదు” అనుట ధర్మమున సగమే. “ఇటు పొమ్ము” అనుట తక్కిన సగము. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి సోనోమా, మారిన్ కౌంటీల ఓటర్లు 2008 నవంబరులో ఒకే తీర్మానమున రైలుకును, దాని ప్రక్క నడకబాటకును కలిపి పన్ను నంగీకరించిరి. 2017 ఆగస్టులో బండ్లు నడచినవి. బాట మాత్రము తరువాతను ముక్కలు ముక్కలుగా పెరుగుచు వచ్చినది. సంపన్నదేశమునందును బండి ముందు, పాదచారి వెనుక!

పేదదేశమునకు ఈ విలాస మేల యని యడుగువారుందురు. కంచె ఎట్లును ప్రాణరక్షణకు వలసినదే. దాని కావల వేసిన బాటపై షికారు పోవువాడే నడువడు. బడిపిల్లలు నడతురు, సంతకు పోవువారు నడతురు. ప్రీతికై వేసిన దారి పనికిని వచ్చును. పనికై వేసిన పట్టాలు ప్రీతికి రావు.

కావున క్రొత్త మార్గమునకు భూమి కొలుచునాడే పాదచారికిని చోటు కొలువవలెను. దారి చూపిన పిమ్మట దండించు చట్టమునకే నైతికబలము నిండుగా నుండును.