పిల్ల చెయ్యి, వార్డెన్ సంతకం

ఆశ్రమ పాఠశాల పిల్లకు అన్నం పెట్టేది మేమే. జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకుపోయేదీ, రాత్రిపూట కాపలా కాసేదీ మేమే. గూడెంలో ఉన్న తల్లిదండ్రులు మమ్మల్ని నమ్మి వదిలివెళ్లారు. మరి ఆ పిల్ల ఒంటిమీద పరిశోధన చేస్తామని ఎవరైనా వస్తే, తల్లిదండ్రుల బదులు సరేనని సంతకం పెట్టే హక్కు కూడా మాకు ఉందా? లేదని మేం అంటున్నాం.

ఇది ఊహించుకుని అడిగే ప్రశ్న కాదు. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన పని అది. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇలాగే చేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణ సంఘం చెప్పలేదు. కానీ అనుమతి తీసుకున్న తీరులో లోపాలను ఎత్తిచూపింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. మన రాష్ట్రంలోని 9,543 అనుమతి పత్రాల్లో 1,948 వేలిముద్రలవి. 2,763 పత్రాలమీద ఉన్నవి హాస్టల్ వార్డెన్ల సంతకాలు.

టీకా చెడ్డదని మేం అనడం లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన టీకా అది. మా ఆడపిల్లలకూ అందాల్సిందే. మా అభ్యంతరం అడిగిన తీరు మీద. ఆరు నెలల్లో మూడు డోసులు వెయ్యాలంటే పిల్లలు ఒకేచోట దొరకాలి. హాస్టల్లో దొరుకుతారు. తల్లిదండ్రులు దూరంగా ఉంటారు, వచ్చి అడగరు. పనికి వీలైన చోటు కావడమే ఆ పిల్లలకు శాపమైంది.

వేలిముద్ర సంగతి మా పెద్దలకు కొత్తగా చెప్పక్కర్లేదు. చదవలేని కాగితం మీద వేసిన ముద్రతో ఏ పొలం ఎవరి చేతికి పోయిందో ఏ గూడెంలో అడిగినా చెబుతారు. ఏజెన్సీ భూమికి 1/70 చట్టమైనా అడ్డు నిలబడింది. పిల్ల ఒంటికి అడ్డు నిలబడాల్సింది ఆ ఒక్క కాగితమే. దాన్ని కూడా వేరేవాళ్లు నింపేస్తే ఇక మిగిలేదేమిటి?

అలాగైతే పరిశోధన అనే మాటే మా గూడేలకు రావద్దని కొందరు మిత్రులు అంటారు. వాళ్ల కోపం మాకు అర్థమవుతుంది గానీ ఆ దారి మాకు మేలు చెయ్యదు. సికిల్ సెల్ జబ్బునే చూడండి. మన దేశంలో ఆదివాసులను ఎక్కువగా పట్టి పీడించే జబ్బు ఇది. నీలగిరి ఆదివాసుల్లో దీన్ని 1952లోనే గుర్తించారు. ఏడు కోట్ల మందికి పరీక్షలు చేస్తామని జాతీయ మిషన్ మొదలైంది మాత్రం 2023లో. ఈ జబ్బుకు ఇప్పుడు ఇస్తున్న హైడ్రాక్సీయూరియా పనిచేస్తుందని 1995లో అమెరికాలో తేలింది. ఆ పరిశోధనలో పాల్గొన్నవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి రోగులు. అదే దేశంలో, టస్కెగీలో, 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న వందలమంది నల్లజాతి మగవాళ్లకు జబ్బు సంగతి సరిగా చెప్పకుండా, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వకుండా, అది ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. అంత మోసం జరిగిన జాతివాళ్లే మళ్లీ ముందుకొచ్చి పాల్గొన్నందువల్ల ఒక మందు నిలబడింది. దాని ఫలం మన పిల్లలకూ అందుతోంది. కాబట్టి పరిశోధనలో మా వాళ్లు లేకపోవడమూ నష్టమే, అడక్కుండా కలిపేసుకోవడమూ నష్టమే.

తేడా తెలిసేది ఒక్క దగ్గరే. అడిగినప్పుడు వద్దు అనే వీలు ఉందా? ఉంటేనే సరే అన్న మాటకు అర్థం. హాస్టల్ పిల్లకు ఆ వీలు ఎక్కడుంది? సారు చెప్పాడు, వార్డెన్ చెప్పాడు, వరసలో నిలబడాలి. నులిపురుగుల మాత్ర ఇచ్చినా వరసే, రక్తం తీసినా వరసే. ఇందులో ఏది వైద్యం, ఏది పరిశోధన అన్నది పిల్లకు ఎవరూ చెప్పరు. వద్దంటే సీటు పోతుందేమోనని తల్లికి భయం. పైనుంచి ఉత్తర్వు వస్తే కాదనడం మాకూ కష్టమే. ఇంతమంది కాదనలేని చోట పెట్టిన సంతకాన్ని అనుమతి అనలేం. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతాయి. ఊరి పెద్ద ఒప్పుకున్నా ఎవరి అనుమతి వారి దగ్గరే తీసుకోవాలి. ఏడేళ్లు దాటిన పిల్లను కూడా అడగాలి.

తోటి ఉపాధ్యాయులకు మా మనవి ఇది. పరిశోధన అని కాగితం వస్తే దాన్ని పిల్ల ఇంటికి పంపమని అడుగుదాం. సంత రోజునో, గ్రామసభలోనో కోయలో, కొండరెడ్ల మాటలో, ఎవరి మాటలో వాళ్లకు చదివి చెప్పమందాం. ఎవరు చేస్తున్నారు, డబ్బు ఎవరిది, పిల్లకు ఏమైనా అయితే వైద్యం ఎవరు చేయిస్తారు, తీసిన రక్తం చివరికి ఎక్కడికి పోతుంది అని మనమే అడుగుదాం. వద్దన్న పిల్లకు అన్నంలోనూ మార్కుల్లోనూ ఏ తేడా రానివ్వకుండా చూద్దాం. తేలిన ఫలితాన్ని మళ్లీ గూడేనికి వచ్చి చెప్పమందాం.

ఇవన్నీ చేసేసరికి ఆలస్యమవుతుందని వచ్చినవాళ్లు అంటారు. అవుతుంది. కొండ ఎక్కి తల్లిదండ్రులను కలిసి రావడానికి ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజు ఆగలేనివాళ్ల కాగితం మీద మనం సంతకం పెట్టనక్కర్లేదు.