కనబడకపోవడం, లేకపోవడం

ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ అయిన మర్నాడు నెట్‌వర్క్‌లో షేర్డ్ ఫోల్డర్ కనబడకపోతే ఆ ఫోల్డర్ లేనట్టేనా? వినడానికి ఇది ఐటీ వాళ్ల గొడవలా ఉంటుంది గానీ, ఇలాంటి ప్రశ్న మీదే మీమాంసకులు, నైయాయికులు, బౌద్ధులు శతాబ్దాల పాటు వాదులాడుకున్నారు. ఉన్నదాన్ని తెలుసుకోవడానికి కన్ను ఉంది, చెవి ఉంది, ఊహ ఉంది. లేనిదాన్ని దేనితో తెలుసుకోవాలి? వెతికితే దొరకలేదన్న ఒక్క కారణంతో ఎంతవరకు ‘లేదు’ అనవచ్చు? శాస్త్రాల్లో దీనికి అనుపలబ్ధి విచారం అని పేరు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తేదీకి అటూ ఇటూగా ఎన్నో ఆఫీసులు విండోస్ 11కి మారాయి. సౌదీ అరేబియా తూర్పు ప్రాంతానికి కేంద్రమైన దమ్మామ్‌లో, దాన్ని ఆనుకుని ఉన్న ఖోబర్, ధహ్రాన్‌లలో, కాస్త ఉత్తరాన ఉన్న జుబైల్‌లో తెలుగువాళ్లు పనిచేసే కంపెనీలు చాలా ఉన్నాయి. అక్కడ శుక్ర, శనివారాలు సెలవు. కాబట్టి అలాంటి ఆఫీసులో అప్‌గ్రేడ్ గురువారం సాయంత్రం మొదలైతే గోల ఆదివారం పొద్దున బయటపడుతుంది. టైమ్‌షీట్లు, డ్రాయింగులు, ఇకామా (నివాస అనుమతి) కాపీలు ఉండే డ్రైవ్ మీద ఎర్ర క్రాస్ గుర్తు పడి ఉంటుంది. నెట్‌వర్క్ విండో తెరిస్తే ఖాళీ. “సర్వర్ లేదన్నా” అని ఫోన్ వస్తుంది. అనుభవం ఉన్న ఐటీ మనిషి వెంటనే అడిగేది ఒకటే: “లేదా, కనబడట్లేదా?”

ఈ రెండింటినీ విడదీయడమే భారతీయ తర్కంలో పెద్ద పేచీ. నైయాయికుల లెక్కలో అభావం, అంటే లేమి, కూడా ఒక పదార్థమే. నేల మీద కుండ లేకపోతే, కుండ లేని నేలను కన్నే చూస్తుంది. లేమి ఆ నేలకు విశేషణంగా కంటికే అందుతుంది. మీమాంసకుల్లో ప్రభాకరుడి అనుయాయులు దీన్ని ఒప్పుకోరు. అక్కడున్నది ఉత్త నేల, అంతే. దాని మీద ‘లేమి’ అనే ఇంకో సరుకును పెట్టడం దండగ అంటారు. మీమాంసకుడే అయినా కుమారిల భట్టు దారి వేరు. కన్ను ఉన్నవాటినే తాకగలదు, లేనిదాన్ని తాకడానికి అక్కడేముంది? కాబట్టి లేమిని తెలిపే ప్రమాణం (జ్ఞానసాధనం) ప్రత్యక్షానికి వేరుగా ఉండాలి. అదే అనుపలబ్ధి, ఆరో ప్రమాణం. వ్యవహారం వరకు అద్వైతులూ దీన్ని స్వీకరించారు.

కుమారిలుడి వర్గం ఇచ్చే ఒక ఉదాహరణ ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. పొద్దున ఒక చోట కూర్చుని వచ్చిన మనిషిని మధ్యాహ్నం ఇంకెక్కడో ఆపి, ‘అక్కడ ఫలానా ఆయన ఉన్నాడా’ అని అడుగుతారు. పొద్దున అతనికి ఆ ఊహే లేదు. ఇప్పుడు గుర్తు తెచ్చుకుని, ‘లేడు’ అంటాడు. ఆ లేమి అతనికి ఈ క్షణంలోనే తెలిసింది, కన్ను మాత్రం ఆ చోటి మీద లేదు. ఫోన్‌లో జరిగే విచారణ కూడా ఇదే తీరు. ‘గురువారం ఇంటికి వెళ్లేటప్పుడు డ్రైవ్ పనిచేసిందా? లిస్టులో పాత సర్వర్ పేరు ఉందా?’ అని అడిగితే అవతలి మనిషి జ్ఞాపకాన్ని వెతికి ‘ఉంది’, ‘లేదు’ అంటాడు. అతని ‘లేదు’కు ఎంత విలువ ఇవ్వాలన్నది, అప్పుడు ఉండి ఉంటే అతనికి కనబడేదా అన్నదాని మీద ఆధారపడుతుంది.

ఈ చివరి మాటే మొత్తం చర్చకు కీలకం. చీకటి గదిలో కుండ కనబడలేదని కుండ లేదనడం చెల్లదు. దీపం ఉండాలి, కన్ను బాగుండాలి, మధ్యలో అడ్డు ఉండకూడదు. చూడటానికి కావలసినవన్నీ సమకూరి, ఉంటే తప్పకుండా కనబడే పరిస్థితిలో కూడా కనబడకపోతేనే లేమి రుజువవుతుంది. దీన్ని యోగ్యానుపలబ్ధి అన్నారు. ‘దృశ్య’మైన వస్తువు కనబడకపోవడమే హేతువు అని బౌద్ధుల్లో ధర్మకీర్తి పెట్టిన షరతు కూడా ఇంచుమించు ఇదే. పరస్పరం ఏ విషయంలోనూ పొసగని పక్షాలు ఈ ఒక్క షరతు దగ్గర కలవడం గమనించదగ్గది.

నెట్‌వర్క్ విండోకి ఈ యోగ్యత ఉందా? చాలామంది అనుకున్నంత లేదు. పాత విండోస్‌లో చుట్టుపక్కల కంప్యూటర్ల జాబితాను కంప్యూటర్ బ్రౌజర్ అనే సర్వీసు తయారుచేసేది. అది నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ పద్ధతి మొదటి వెర్షన్ మీద ఆధారపడింది. 2017 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో ఆ మొదటి వెర్షన్‌ను పెట్టడం మానేశారు. దానితోపాటే ఆ జాబితా కూడా పోయింది. ఇప్పుడు ఆ పని డబ్ల్యూఎస్-డిస్కవరీ అనే వేరే పద్ధతి చేస్తుంది. దానికి ఫంక్షన్ డిస్కవరీ సర్వీసులు నడుస్తూ ఉండాలి. నెట్‌వర్క్ ప్రొఫైల్ ‘ప్రైవేట్’ అయి ఉండాలి. అప్‌గ్రేడ్ తర్వాత అది ‘పబ్లిక్’గా మారి ఉంటే కంప్యూటర్ ఇతరులకు కనబడదు. నెట్‌వర్క్‌కు తగిలించి ఫైళ్లు దాచుకునే పాత నాస్ పెట్టెకు ఈ కొత్త భాష రాకపోతే అది ఎన్నటికీ ఆ విండోలోకి రాదు. ఇవన్నీ దీపం వెలగని గదులే. ఖాళీ విండో ఫోల్డర్ గురించి ఏమీ చెప్పదు, తన గురించే చెబుతుంది.

అందుకే మొదటి పరీక్ష జాబితాను వదిలేయడం. అడ్రసు పెట్టెలో రెండు వెనక్కి వాలిన గీతలు కొట్టి సర్వర్ పేరు, తర్వాత పేరు బదులు ఐపీ అడ్రసు ఇచ్చి చూడాలి. ఐపీతో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే లోపం పేరును వెతికిపెట్టే డీఎన్‌ఎస్ వైపు ఉంది. రెండూ కుదరకపోతే 445 పోర్టు తెరిచి ఉందో లేదో చూడాలి. పింగ్‌కు జవాబు రాలేదని సర్వర్ ఆగిపోయిందని తేల్చేయడం ఈ వృత్తిలో రోజూ జరిగే తర్కదోషం. ఫైర్‌వాల్ పింగ్‌ను మింగేసినా ఫైళ్లు మామూలుగా నడుస్తుంటాయి. పింగ్ మౌనానికి ఆ యోగ్యత లేదు.

ఇదే షరతు దేవుడి ప్రశ్నలోనూ ఇరుసులా పనిచేసింది. కనబడడు కాబట్టి లేడు అన్నది చార్వాకుల పేరు మీద చలామణీ అయిన వాదం. పదో శతాబ్దం చివర నైయాయికుడు ఉదయనుడు ‘న్యాయకుసుమాంజలి’ మూడో స్తబకంలో (అధ్యాయంలో) దీన్ని ఎదుర్కొన్నాడు. ఈశ్వరుడు ఇంద్రియాలకు అందే జాతి కాడు. అందనిదాన్ని అందలేదని నెపం పెట్టి కొట్టివేయడం కుదరదు అన్నాడు. వెంటనే ఎదురుదెబ్బ ఉంటుంది: అలాగైతే కుందేటికి కనబడని కొమ్ము ఉందన్నా ఒప్పుకోవాలా? ఉదయనుడికి ఆ సంగతి తెలుసు. కొమ్ము అనేది కనబడే జాతి వస్తువు. ఉంటే కుందేటి తల మీద కనబడి తీరాలి. కాబట్టి అక్కడ ‘లేదు’ నిలుస్తుంది.

ఈ వాదం ఎంత చేస్తుందో, ఎక్కడ ఆగుతుందో చూడాలి. ఇది కాపుకాసే వాదమే తప్ప దేవుణ్ణి నిరూపించే వాదం కాదు. ‘లేడు’ను ఆపుతుంది, ‘ఉన్నాడు’ను తెచ్చిపెట్టదు. అందుకే ఉదయనుడు అయిదో స్తబకంలో జగత్తు కార్యం కాబట్టి కర్త ఉండాలి లాంటి హేతువులను విడిగా పేర్చుకోవలసి వచ్చింది. ‘కనబడే జాతి కాదు’ అన్న మాటను ఇష్టం వచ్చిన చోటల్లా వాడితే అది తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న మొండితనంగా దిగజారుతుంది. ఫలానా ఫోల్డర్ ఎక్కడో ఉంది, ఏ పరీక్షకూ అందదు అని పట్టుబట్టే ఉద్యోగి కూడా ఆ దారిలోనే ఉన్నాడు.

దమ్మామ్ మసీదుల్లో చదివే ఖురాన్‌లోనూ రెండో సూరా మొదట్లోనే గైబ్‌ను, అంటే కంటికి మరుగైనదాన్ని, నమ్మేవారి ప్రస్తావన ఉంది. దొరకకపోవడం లేకపోవడానికి రుజువు కాదన్న సూత్రం అరబ్బీ ధర్మశాస్త్ర చర్చల్లో నలిగిన మాటే. ఆ సంప్రదాయంలోనే గజాలీ (1058–1111) పక్కనే ఉన్న మరో ప్రశ్నను తవ్వాడు. దూది నిప్పును తాకినప్పుడు కాలుతుంది. మనం చూసేది తాకినప్పుడు కాలడమే గానీ, తాకడం వల్ల కాలడాన్ని కాదు అన్నాడు. అప్‌గ్రేడ్ తర్వాత డ్రైవ్ పోయింది కాబట్టి అప్‌గ్రేడ్ వల్లే పోయిందనేవారికి ఇది సూటిగా తగులుతుంది. తెలుగులో కాకతాళీయం అన్న మాట ఉండనే ఉంది. గజాలీ ఎత్తిన సందేహాన్ని ఆఫీసులో చివరిదాకా లాగితే పని జరగదు. అన్వయ వ్యతిరేకాలతో, అంటే ఇది ఉంటే అది ఉందా, ఇది లేకపోతే అది లేదా అన్న పరీక్షతో, సరిపెట్టుకోవాలి. ఇంకా అప్‌గ్రేడ్ కాని కంప్యూటర్‌లోంచి అదే ఫోల్డర్ తెరిచి చూస్తారు. అక్కడా తెరుచుకోకపోతే నింద సర్వర్ మీదికో, స్విచ్ మీదికో, ఊడిపోయిన కేబుల్ మీదికో మళ్లుతుంది.

దారి దొరికాక రెండో అడ్డు: సర్వర్ ఉంది, పలుకుతోంది, లోపలికి మాత్రం రానివ్వదు. ఇక్కడ అభావాల వర్గీకరణ పనికొస్తుంది. తర్కం మొదలుపెట్టేవారు నేటికీ చేతిలోకి తీసుకునే ‘తర్కసంగ్రహం’లో అన్నంభట్టు నాలుగు అభావాలు చెబుతాడు: పుట్టకముందు ఉండే లేమి ప్రాగభావం, నాశనమయ్యాక ఉండే లేమి ప్రధ్వంసాభావం, ఎన్నడూ లేకపోవడం అత్యంతాభావం, ఒకటి మరొకటి కాకపోవడం అన్యోన్యాభావం. కుండ గుడ్డ కాదు అన్నది చివరిదానికి ఉదాహరణ. వినడానికి పిల్లల మాటలా ఉన్నా, లాగిన్ తగాదాల్లో సగం ఈ కోవలోనివే.

కొత్త విండోస్ వచ్చాక ఉద్యోగి నాలుగంకెల పిన్ కొట్టి కంప్యూటర్‌లోకి వెళ్తుంటాడు. షేర్డ్ ఫోల్డర్ పాస్‌వర్డ్ అడిగితే ఆ పిన్నే కొడతాడు, తప్పంటుంది, మళ్లీ కొడతాడు. పిన్ ఆ ఒక్క యంత్రానికి కట్టుబడినది. నెట్‌వర్క్ అడిగేది ఖాతా పాస్‌వర్డ్. పిన్ పాస్‌వర్డ్ కాదు. అలాగే మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన మనిషి, సర్వర్‌లో పాత పేరుతో ఉన్న లోకల్ యూజర్ ఒకరు కారు. పేరు అదే, మనిషి అదే, ఖాతాలు మాత్రం రెండు. క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాగి ఉన్న పాత వివరాలను తీసేసి, సర్వర్ పేరు, గీత, యూజర్ పేరు అన్న వరసలో ఇస్తే తలుపు తెరుచుకుంటుంది.

పాస్‌వర్డే లేకుండా ‘గెస్ట్’గా తెరుచుకునే పాత నాస్ పెట్టెలది ఇంకో కథ. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్, ప్రో ఎడిషన్‌లో సైతం, ఎస్ఎంబీ సంతకాన్ని తప్పనిసరి చేసి గెస్ట్ ప్రవేశాన్ని ఆపేసింది. సంతకం చేయలేని పెట్టె బయటే ఉండిపోతుంది. జెరాక్స్ మిషన్ స్కాన్‌ను ఫోల్డర్‌కి పంపలేకపోవడానికి కూడా తరచు ఇలాంటిదే కారణం: మిషన్‌కు ఎస్ఎంబీ మొదటి వెర్షనే వచ్చు. పాత వెర్షన్‌ను మళ్లీ ఆన్ చేస్తే పని అప్పటికి గడుస్తుంది. అది మంచి పని కాదు. మిషన్ ఫర్మ్‌వేర్ మార్చడమో, నాస్‌లో పాస్‌వర్డ్ ఉన్న యూజర్‌ను పెట్టడమో సరైన దారి.

ఎందుకు మంచిది కాదో 2017 మే 12న ప్రపంచమంతా చూసింది. వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆ మొదటి వెర్షన్‌లోని కంత గుండానే పాకింది. దమ్మామ్ పక్కన ఇంకా ముందే మరో దెబ్బ తగిలింది. 2012 ఆగస్టు 15న, రంజాన్ చివరి రోజుల్లో చాలామంది సెలవులో ఉండగా, ధహ్రాన్ కేంద్రంగా ఉన్న సౌదీ అరామ్‌కో ఆఫీసు నెట్‌వర్క్‌పై షమూన్ అనే వైరస్ పడింది. సుమారు 30,000 కంప్యూటర్ల మీద దెబ్బ పడిందని కంపెనీ చెప్పింది. చమురు ఉత్పత్తి ఆగలేదు. షమూన్ ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి వెళ్లింది నెట్‌వర్క్ షేర్ల గుండానే. వెళ్లినచోట ఫైళ్ల మీద మండుతున్న జెండా బొమ్మ ముక్కను రాసి, డిస్కు మొదటి సెక్టారును చెరిపేసింది. అక్కడ ఫైళ్లు కనబడకపోవడానికి దీపం లేకపోవడం కారణం కాదు. అది ప్రధ్వంసం.

ఆదివారం పొద్దున ఫోన్‌లో వినిపించిన ‘లేదు’ ఇలాంటిదా, కాదా తేల్చడానికి చివరి పరీక్ష ఒకటే ఉంది. నెట్‌వర్క్‌ను పూర్తిగా పక్కన పెట్టి, సర్వర్ ముందే కూర్చుని, అడ్మినిస్ట్రేటర్‌గా, దాచిన ఫైళ్లు కూడా చూపించే అమరికతో డిస్కు తెరవాలి. అక్కడ ఫోల్డర్ ఉంటే ఇప్పటిదాకా జరిగిందంతా దారి గొడవ, తలుపు గొడవ. షేర్ అనుమతి, డిస్కు మీది అనుమతి రెండూ విడివిడిగా చూసి, రెండింటిలో కఠినమైనదే చెల్లుతుందని గుర్తుంచుకుంటే మిగతా పని తేలిక. పేరు మార్చలేదని, వేరే డిస్కులో లేదని చూసుకున్నాక కూడా అక్కడ ఫోల్డర్ లేకపోతే, ఉంటే కనబడి తీరే చోట కనబడలేదు కాబట్టి, ఇప్పుడు ‘లేదు’ అనవచ్చు.

ప్రధ్వంసాభావానికి మొదలు ఉంది, తుది లేదు అంటారు నైయాయికులు. పగిలిన కుండ మళ్లీ పుట్టదు; కొత్తగా చేసినది వేరే కుండ. బ్యాకప్ నుంచి మామూలుగా కాపీ చేసి తెచ్చిన ఫోల్డర్ కూడా అంతే: పేరు పాతదే, లోపలి కాగితాలు పాతవే, అనుమతులు మాత్రం కొత్త చోటివి. పాత ఫోల్డర్‌కు ఎవరెవరికి చదివే హక్కు, ఎవరెవరికి రాసే హక్కు ఇచ్చారో అవి దానంతట అవి రావు. షేర్‌ను మళ్లీ పెట్టి, ఒక్కొక్కరి పేరూ మళ్లీ చేర్చాల్సిందే.