మంచుకు పండే చేలు

చదవవలసిన భాగం: 1 రాజులు 17:8–16

జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో వానకాలం పోయాక విత్తనం పడే చేలు కొన్ని ఉన్నాయి. వాటికి బోరు లేదు, కాలువ లేదు. ఇంకో వాన వస్తుందని ఎవరూ ఎదురుచూడరు. నేల లోపల మిగిలిన తడి, తెల్లవారుజామున కురిసే మంచు, ఈ రెంటి మీదనే జొన్న, శనగ, కుసుమ, అవిసె లేచి నిలబడతాయి. కాగితాల మీద వీటి పేరు యాసంగి పంటలు. ఇక్కడి ఆడవాళ్ళు మాత్రం సత్యం పంటలంటారు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మందు బస్తా కొనే స్తోమత లేనివాళ్ళు, మోటారు లేనివాళ్ళు పెట్టిన పేరది. నవంబరులో మా మెథడిస్టు కుటుంబాలు వికారాబాద్ అవతల ధారూరు జాతరకు మూటలు కట్టుకునే రోజులకు ఆ మొలకలు పచ్చగా కనబడుతుంటాయి. పొద్దున్నే చేనిగట్టున నడిస్తే మోకాళ్ళ దాకా తడుస్తాము.

126వ కీర్తనలో విత్తేవాడు ఏడుస్తూ పోతాడు. చిన్నప్పుడు ఆ మాట నాకు అంతుపట్టేది కాదు. పంట పోతే ఏడ్వాలి గాని, విత్తేనాడు ఏడుపెందుకు? ఒకనాడు నాయనమ్మను అడిగాను. "కరువులో తినే గింజ, విత్తే గింజ ఒక్కటే బిడ్డా" అన్నది. అంతకుమించి చెప్పలేదు. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, వండితే ఒక పూట గడిచే జొన్నలను తీసుకుపోయి మట్టిలో పోసి రావాలి. వెనక్కి వస్తాయో రావో తెలియదు. ఆ నడకకు కన్నీళ్ళు రాకుండా ఎట్లా ఉంటాయి?

సారెపతు విధవరాలి భయమూ అలాంటిదే. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో అడుగంటిన నూనె. పొయ్యిలోకి రెండు పుల్లలు ఏరుకుంటున్నది. కొడుకుతో కలిసి చివరిసారి తిని చనిపోవాలని లెక్క వేసుకున్నది. ఆ లెక్కలో తప్పేమీ లేదు. ఆమె దగ్గరికి వచ్చిన ప్రవక్త ఏలీయా కూడా ఆ లెక్క తప్పనలేదు. భయపడవద్దని చెప్పి, ముందు తనకొక చిన్న రొట్టె చేసి తీసుకురమ్మన్నాడు. మొదటిసారి చదివినవారికి ఇది కఠినంగానే తోస్తుంది. పేదరాలి చివరి పిండిలోనుంచి ముందు భాగం అడగడమేమిటి? నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇప్పుడు నాకు వేరుగా కనబడుతున్నది. తన మాటలో ఆమె అప్పటికే చావుకు సిద్ధపడింది. ఆ పిండితో ఇక ఏమీ చేయలేనని తీర్మానించుకున్నది. ఏలీయా అడగడంతో ఆ పిండికి ఇంకో పని ఉన్నదని తేలింది. తిని చావడానికి ఉంచుకున్నది, ఇంకొకరికి పెట్టడానికి పనికివచ్చింది.

ఇంకొకటి గమనించండి. తొట్టి నిండిందని ఎక్కడా రాసి లేదు. పిండి తరిగిపోలేదు, నూనె అయిపోలేదు, అంతే. వాన కూడా ఆ రోజు కురవలేదు. కరువు కరువుగానే ఉన్నది. ప్రతి ఉదయం ఆమె తొట్టి అడుగుకు చెయ్యి పెట్టి చూసుకోవలసిందే, ప్రతి ఉదయం ఆ పూటకు సరిపడా ఉన్నది. మంచు కూడా అలాగే కురుస్తుంది, ఒక రాత్రికి సరిపడా. దాన్ని చెరువులో నింపుకోలేము.

జహీరాబాద్ పక్కనే పస్తాపూర్ ఉన్నది. 1983లో పి.వి. సతీష్, ఆయన మిత్రులు మొదలుపెట్టిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి అదే చోటు. అది చర్చి నడిపే సంస్థ కాదు. అయినా దాని సంఘాల్లోని దళిత స్త్రీలు విత్తనాన్ని కాపాడే తీరు చూశాకే నాకు సారెపతు కథ చదవడం వచ్చింది. గింజల్లో బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాస్తారు. కొర్ర, సామ, సజ్జ, పచ్చజొన్న, అన్నీ పేరుపేరునా. ఆ విత్తనాన్ని అమ్ముకోరు. అవసరమున్న ఆడమనిషికి ఇస్తారు, పంట చేతికొచ్చాక ఎక్కువ కలిపి తిరిగి తీసుకుంటారు. సంక్రాంతికి ఎడ్లబండ్లను అలంకరించి, ఆ గింజల బుట్టలతో ఊరూరా పాత పంటల జాతర చేస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఈ సంస్థకు దక్కింది. ఆకలి ఎరిగిన చేతులే ఇంకొకరి కొంగులో గింజలు పోయడం నేను కళ్ళారా చూశాను.

నా చేతుల సంగతి కూడా చెప్పాలి. కొన్నేళ్ళ కింద మా ఇంట్లో ఒకరికి ఆపరేషన్ పడింది. ఇక్కడినుంచి హైదరాబాద్ నూరు కిలోమీటర్లు. ఆ దారి పొడవునా, ఆ తర్వాత రాత్రులన్నీ, నాకు ఖర్చు లెక్కలే. ఆ వారమే మా వీధిలో ఒక అక్క, పిల్లగాని ఫీజుకు రెండు వేలు కావాలని వచ్చింది. నా దగ్గర ఉన్నాయి. లేవన్నాను. ఆమె నా మొహం చూసి, "ఏం కాదులే తమ్మీ, మీ ఇంట్ల గూడ కష్టమే గదా" అని నన్నే ఓదార్చి పోయింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ రెండు వేలు ఖర్చు కానేలేదు. నిర్గమకాండం 16వ అధ్యాయంలో మంచు ఆరిపోయాక నేలమీద మన్నా కనబడింది. రేపటికి ఉండదేమోనని దాచుకున్నది తెల్లారేసరికి పురుగులు పట్టింది. నా బీరువాలోని నోట్లకు పురుగులు పట్టలేదు గాని, ఆ డబ్బును ముట్టుకున్నప్పుడల్లా ఆమె మాటే గుర్తొచ్చేది.

భయపడటమే అవిశ్వాసమని కొందరు బోధిస్తారు. ఆస్పత్రి వరండాలో కూర్చున్నవారి మీద ఆ మాట రాయిలా పడుతుంది. అది సరికాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. యోహాను సువార్త 12వ అధ్యాయం తెరిచి చూడండి. గోధుమగింజ నేలలో పడి చావకపోతే ఒంటిగానే మిగిలిపోతుందని యేసు చెప్పిన చోటు అదే. అక్కడినుంచి మూడు వచనాలు దాటామో లేదో, తన ప్రాణం కలవరపడుతున్నదని ఆయనే అంటాడు. ఈ గడియ నుంచి తప్పించమని అడగాలా అని తండ్రి ఎదుటే తలపోస్తాడు. గింజ గురించి చెప్పిన నోరే కలవరం గురించీ చెప్పింది. ఆ విత్తనం తానేనని ఆయనకు తెలుసు. మట్టి ఎంత చల్లగా, ఎంత చీకటిగా ఉంటుందో తెలిసే దిగాడు. మన వణుకు ఆయనకు కొత్త కాదు. ఏడుస్తూ విత్తనం మోసుకుపోయే మనిషి పక్కన ఆయన నడుస్తున్నాడంటే అందుకే నమ్ముతాను.

నిన్న పొద్దున శనగచేను పక్కగా నడిచాను. మూడు వారాలుగా చుక్క వాన లేదు. ఆకుల మీద మంచు మెరుస్తున్నది.

ప్రార్థన: ప్రభువా, ఈ ఉదయం తొట్టి అడుగుకు చెయ్యి పెట్టి చూసుకుంటున్న ప్రతి తల్లినీ కనిపెట్టు. ఆస్పత్రి వరండాలో రాత్రంతా మేలుకున్నవారి పక్కన కూర్చో. ఆనాడు లేవని నేను చెప్పిన అబద్ధాన్ని క్షమించు. ఈ రోజు ఆ అక్క గడపకు నేనే పోతాను. పిల్లగాడు ఇప్పుడు ఏం చదువుతున్నాడని అడిగేటప్పుడు నా గొంతు వణికినా, చెయ్యి మూసుకుపోకుండా పట్టుకో. ఆమేన్.