తెలిసి ఊహించిన అసత్యం

17వ శతాబ్దికి చెందిన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు రాసిన ‘తర్కసంగ్రహం’ న్యాయశాస్త్రంలో అడుగుపెట్టే విద్యార్థులకు నేటికీ తొలి పాఠంగా ఉన్న చిన్న పుస్తకం. పేరులోనే తర్కం ఉన్న ఆ గ్రంథంలో తర్కానికి దక్కిన చోటును చూసినప్పుడు మాత్రం కొత్త పాఠకుడు కాస్త తికమక పడతాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు తెలపని అనుభవానికి ‘అయథార్థానుభవం’ అని పేరు పెట్టి, దాన్ని సంశయం, విపర్యయం, తర్కం అని మూడుగా విభజించిన అన్నంభట్టు, సత్యానికి దారి చూపుతుందని లోకం నమ్మే తర్కాన్ని తీసుకెళ్లి భ్రమ పక్కన కూర్చోబెట్టాడు. ఇది ఏమరుపాటున జరిగిన వర్గీకరణ కాదు. మనస్సు తనను తాను ఎలా మోసగించుకుంటుందో, ఆ మోసం నుంచి ఎలా బయటపడగలదో ఆలోచించేవారికి ఇందులో చాలా సరుకు ఉంది.

ఒకే వస్తువులో పరస్పర విరుద్ధమైన ధర్మాలు తోచడం సంశయం. మసక వెలుతురులో దూరాన నిలువుగా కనిపిస్తున్నది మోడో మనిషో తేల్చుకోలేకపోవడం దానికి శాస్త్రం ఇచ్చే ఉదాహరణ. ఒకదాన్ని మరొకటిగా నిశ్చయించుకోవడం విపర్యయం. ఇసుకలో మెరుస్తున్న ముత్యపుచిప్పను వెండి అనుకోవడం లాంటిది. ఇక తర్కమంటే ఇక్కడ వాదించే నేర్పు అనే వాడుక అర్థం కాదు. ఒక అసత్యాన్ని కావాలనే కాసేపు సత్యమని ఊహించుకుని, అప్పుడు తప్పనిసరిగా ఏం జరగాలో చూడటమే తర్కం. పొగ లేస్తున్న కొండమీద నిప్పు లేదేమోనని శంకించేవాడితో, నిప్పే లేకపోతే పొగ కూడా ఉండకూడదు కదా అనడం ఈ కోవలోనిది. నిప్పు లేదన్న ఊహ అయథార్థమే, కాని ఊహించినవాడికి ఆ సంగతి తెలుసు. ఇలా తెలిసి తెచ్చిపెట్టుకున్న జ్ఞానాన్ని న్యాయశాస్త్ర పండితులైన నైయాయికులు ‘ఆహార్యం’ అన్నారు.

ఆత్మవంచన ఈ మూడింటిలో విపర్యయానికి చెందుతుంది, అయితే అందులో కోరిక కూడా కలిసి ఉంటుంది. చిప్పలో వెండిని చూసేవాడు వెండి మీద ఆశ ఉన్నవాడే గాని, సున్నం కోసం చిప్పలు ఏరుకునేవాడు కాదు. సంశయంలో ఉన్నవాడికి తన అజ్ఞానం తెలుస్తూనే ఉంటుంది. విపర్యయంలో ఉన్నవాడికి తెలియదు, ఎందుకంటే లోపలి నుంచి చూస్తే భ్రమకూ జ్ఞానానికీ ఒకటే ముఖం. అందుకే జ్ఞానం నిజమైనదని ఆ జ్ఞానమే చెప్పుకోలేదని, దాని ప్రామాణ్యం వెలుపలి నుంచి తేలాలని నైయాయికులు వాదించారు. ‘పరతఃప్రామాణ్యం’ అంటే ఇదే. నీళ్లు కనిపించాయనుకున్నవాడు అక్కడిదాకా నడిచి దోసిట పట్టినప్పుడే ముందటి చూపు నిజమని రుజువవుతుంది. మరి ఆ దోసిట్లోని నీళ్ల జ్ఞానానికి రుజువేమిటని మరో దర్శనానికి చెందిన మీమాంసకులు అడిగారు. ఇలా అడుగుతూ పోతే అంతుండదు కనుక, సందేహం పుట్టినచోటనే పరీక్ష అవసరమని నైయాయికుల సమాధానం. నిత్యజీవితానికి అది సరిపోతుంది. చిక్కేమిటంటే, ఆత్మవంచన చేసే పనల్లా ఆ సందేహాన్ని పుట్టనివ్వకపోవడమే.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న సామెతను మొండివాళ్లను వెక్కిరించడానికి వాడతారు గాని, పట్టుకున్నవాడు అబద్ధమాడుతున్నాడని అనుకోనక్కరలేదు. నాలుగో కాలు అతడి పిడికిట్లోనే ఉంది.

ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలో భౌతికశాస్త్రంలో సరిగ్గా ఇదే జరిగింది. రాంట్‌జెన్ 1895లో ఎక్స్ కిరణాలను కనుగొన్న తర్వాత కొత్త కిరణాల కోసం ఐరోపా అంతా కళ్లు కాయలు కాచేలా చూస్తున్న రోజుల్లో, ఫ్రాన్స్‌లోని నాన్సీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బ్లాండ్లో 1903లో ఎన్ కిరణాలను ప్రకటించాడు. అవి సోకితే సన్నని విద్యుత్ రవ్వో, చీకట్లో మినుకుమినుకుమనే రసాయనపు పూతో రవంత ఎక్కువగా వెలుగుతుందని ఆయన చెప్పాడు. ఆ రవంత తేడాను కొలిచే సాధనం పరిశీలకుడి కన్నే. ఎందరో శాస్త్రజ్ఞులు తమకూ కనిపించాయన్నారు, కొందరికి ఎంత చూసినా కనిపించలేదు. కనిపించనివారి కళ్లకు తగిన సున్నితత్వం లేదన్న సమాధానం సిద్ధంగా ఉండేది. బ్లాండ్లో మోసగాడు కాదు, అంతకుముందు మంచి పేరు తెచ్చుకున్న ప్రయోగశీలి. ఈ ఉదంతం విలువంతా అందులోనే ఉంది.

1904లో అమెరికన్ భౌతికశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వుడ్ నాన్సీకి వెళ్లాడు. అల్యూమినియం పట్టకం గుండా వెళ్లి ఎన్ కిరణాలు విడివడుతున్నాయని చెబుతూ, అవి ఎక్కడెక్కడ పడుతున్నాయో బ్లాండ్లో చీకటి గదిలో కొలతలు చదువుతుండగా, వుడ్ చెయ్యి చాచి ఆ పట్టకాన్ని చడీచప్పుడు లేకుండా తీసేశాడు. కొలతలు మారలేదు. ఆ సంగతి ‘నేచర్’ పత్రికలో అచ్చయ్యాక ఎన్ కిరణాల ప్రస్తావన త్వరలోనే అడుగంటింది. అన్నంభట్టు భాషలో చెప్పాలంటే, పట్టకమే లేకపోతే ఆ కొలతలూ ఉండకూడదన్న తర్కం నాన్సీలో ఎవరి నోటా రాలేదు, వుడ్ దాన్ని చేత్తో చేసి చూపాడు. నమ్మకం ఉన్నవాడు తనంతట తాను ఆ పట్టకం తీసినా, తీసినట్టు తనకు తెలుస్తుంది కనుక పరీక్ష చెల్లదు. కొత్త మందును పరీక్షించేటప్పుడు ఏ రోగికి అసలు మందు, ఏ రోగికి ఉత్త మాత్ర అందిందో రోగికీ వైద్యుడికీ కూడా తెలియకుండా ఏర్పాటు చేసేది ఇందుకే.

పక్కన వుడ్ లేనివాడు ఏం చెయ్యాలన్నదే కష్టమైన ప్రశ్న. తన సిద్ధాంతానికి ఎదురు తిరిగే విషయం కంటబడితే అప్పటికప్పుడే తప్పక రాసిపెట్టుకునేవాడినని, అనుకూలమైన వాటికన్నా అలాంటివే తొందరగా మరపున పడతాయని తన అనుభవమని డార్విన్ ఆత్మకథలో చెప్పుకున్నాడు. తన జ్ఞాపకశక్తి తనవైపే మొగ్గు చూపుతుందని గ్రహించిన మనిషి కాగితాన్ని మధ్యవర్తిగా పెట్టుకోవడం ఇది. 1859లో వెలువడిన ‘జాతుల పుట్టుక’లో సిద్ధాంతానికి ఎదురయ్యే చిక్కులకే ఒక అధ్యాయం ఉండటానికీ, సంతానం లేని పనిచీమల సమస్య తొలుత తన సిద్ధాంతానికి ప్రాణాంతకంగా తోచిందని ఆయన దాచకుండా రాయడానికీ ఈ అలవాటుతో సంబంధం లేదనుకోలేం. చీమలకు ఆయన ఒక సమాధానం చెప్పగలిగాడు. తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు ఏ నియమాల ప్రకారం వస్తాయో తెలియదని అదే గ్రంథంలో ఒప్పుకున్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. బఠాణీ మొక్కలతో దానికి దారి చూపిన మెండెల్ వ్యాసం 1866లోనే అచ్చయినా, 1882లో మరణించేనాటికి డార్విన్ దాన్ని చదివిన దాఖలా లేదు.