ప్రియమహారాజ దినము

థాయిలాండు దేశమున ప్రతి సంవత్సరము అక్టోబరు 23వ తేదీ సెలవుదినము. పూర్వము సయామని పిలువబడిన ఆ బౌద్ధరాజ్యమును 1868 మొదలు 1910 వఱకు పాలించి, ఆ తేదీననే మరణించిన చులాలొంగ్‌కార్న్ మహారాజును ఆనాడు ప్రజలు స్మరింతురు. ఆ దినమునకు వారిడిన పేరు మన ప్రియమహారాజ శబ్దమునకు రూపాంతరమే. రాజుపేరును అట్టిదే, పాళీభాషలోని చూళాలంకరణము, అనగా సిగకు అలంకారమని యర్థము. బ్యాంకాకు నగరములో అశ్వారూఢమైయున్న ఆయన విగ్రహముచెంత ప్రజలు పుష్పచక్రము లుంతురు. పలువురు నేలపై సాగిలపడి మ్రొక్కుదురు.

ఈ సాగిలపాటును గూర్చియే మేము కొంత విచారింపదలచితిమి. ఏలయన, రాజసన్నిధిని ప్రజలు ప్రాకుచు సాగిలపడు ఆచారమును 1873లో తన రెండవ పట్టాభిషేక సమయమున రద్దుచేసినవాడు ఈ రాజే. అది పీడనకు చిహ్నమని ఆయన ప్రకటించెను. అంతవఱకు నేల నంటియున్న ప్రభువర్గమువారు ఆనాడే లేచి నిలువబడి, తలవంచి నమస్కరించిరి.

మఱుసటి సంవత్సరము దాస్యమును గూర్చి శాసనము వెలువడినది. అది వేఱు త్రోవ త్రొక్కినది. 1868 మొదలు దాసులకు పుట్టిన బిడ్డల వెల, ఎనిమిదవయేడు గడచినపిమ్మట క్రమముగ తగ్గుచు, ఇరువదియొకటవయేట సున్న యగును. అప్పుడు వారు స్వతంత్రులు. అంతకుముందు పుట్టినవారి మాట అందులో లేదు. దాస్యమును తుదముట్టించిన శాసనము 1905లో గాని రాలేదు.

ఒక దాసికి ఇద్దఱు బిడ్డ లనుకొందము. అక్క 1867లో పుట్టినది, తమ్ముడు 1869లో. తమ్ముడు 1890 నాటికి తన కాళ్లపై తాను నడచి యజమాని గడప దాటెను. వెల చెల్లించి విడిపించువారు లేనిచో, అక్క ముప్పదియెనిమిదవయేటి వఱకు ఆ యింటి వడ్లు దంచవలసినదే. ఆమె చేసిన పాప మేమి? ఒక్క సంవత్సరము ముందు పుట్టుటయే గదా!

రాజు పక్షమున చెప్పదగినది లేకపోలేదు. 1874లో ఆయన ఇరువదియొక్కేండ్లవాడు. ఆ యేటి చివరనే ఉపరాజుతో కలహము పుట్టి, ఇరుపక్షములును సేనలను సమకూర్చుకొనిరి. ప్రభువుల సంపదయంతయు ఒక్క చేవ్రాలుతో హరించినచో సింహాసనమే నిలిచెడిది కాదేమో. ఇంగ్లండు సయితము 1833 చట్టముననుసరించి యజమానులకు రెండుకోట్ల పౌనులు పరిహార మిచ్చినది. దాసులకు ఒక్క పెన్నీయు నీయలేదు. కావున రాజు వివేకమును మేము తప్పుపట్టము. అయినను ఆలస్యము అనివార్యమైనంతమాత్రమున న్యాయము కానేరదు. ఆ అక్క పోగొట్టుకొన్న యేండ్లకు వివేకము బదులు చెప్పలేదు.

సాగిలపాటు ఒక్కనాటిలో పోవుటకును, దాస్యము పోవుటకు ముప్పదియొక్కేండ్లు పట్టుటకును కారణ మేమి? మొదటిదానివలన ప్రభువుల పెట్టెలో ఒక్క నాణెమును తగ్గలేదు. (మన యిండ్లలోను చూడుడు: పనిమనిషిని గౌరవముతో పిలుచుటకు ఒక్కపూట చాలును, ఆమెకు వారమున కొకనాడు సెలవిచ్చుటకు ఏండ్లు పట్టును.) అయితే వింత యేమనగా, కష్టపడి తీసివేసిన ఆ దాస్యచట్టము మరల తలయెత్తలేదు, సులువుగ తీసివేసిన సాగిలపాటు ఇరువదియవ శతాబ్దపు ఉత్తరార్ధమున రాజసన్నిధికి తిరిగివచ్చినది. దానిని మాన్పించినవాని విగ్రహము ముందరనే ఇప్పుడది భక్తి యనిపించుకొనుచున్నది.

భక్తులను పరిహసించుట మా యుద్దేశము కాదు. తాతముత్తాతలు దాసులైయుండిన కుటుంబములవారు ఆ విగ్రహమును చూచి మోకరిల్లినచో, అది భయమువలన గాక ప్రేమవలన కలిగిన వంగుబాటు కావచ్చును. ఇష్టముతో వంగిన మెడకును, బలిమిచే వంచబడిన మెడకును భేదము కలదు. కాని వంగనివానిని శిక్షింప నారంభించిన క్షణముననే ఆ భేదము చెఱగిపోవును.

1917లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయ మొకటి ఆ రాజుపేర వెలయుచున్నది. అచ్చట క్రొత్త విద్యార్థులు ఆయన ప్రతిమయెదుట ప్రమాణము చేయునపుడు సాగిలపడుట వాడుక. 2017 ఆగస్టులో కొందఱు విద్యార్థి ప్రతినిధులు అందఱితోపాటు నేలబడక, నిలుచుండియే తలవంచి నమస్కరించి వెడలిపోయిరి. 1873లో ఆ రాజు కోరిన నమస్కార మదియే. ఆ నెలలోనే విశ్వవిద్యాలయాధికారులు వారిని విద్యార్థి సభలోని పదవులనుండి తొలగించిరి.